చీరకు తొడిగిన లైఫ్ జాకెట్

మా మేనత్త పోయిందని ధర్మవరం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను హిందూపురంలో అంగడి తెరుస్తున్నాను. తాళాలు చేతిలో అట్లాగే పట్టుకుని బస్సెక్కాను. పెనుకొండ దాటేదాకా ఏడుపు ఆపుకున్నాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు.

మామ మంచం పట్టాక మగ్గం ఆమె చేతికొచ్చింది. కండెలు చుట్టుకునే ఆడమనిషికి నేత ఎందుకని బంధువులు నోళ్లు నొక్కుకున్నా, మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంది. "తెగిన పోగు కనపడకూడదు, వేసిన ముడి ఊడకూడదు. అంతేరా పని," అనేది. ఎంత బాగా నేసినా ఊళ్లోవాళ్లకు అది మామ నేసిన చీరే. ఆ ఒక్కటీ ఆమెకు మింగుడు పడలేదు.

రెండేళ్ల కిందట కొచ్చి రేవులో నేతగాళ్ల చీరలు ప్రదర్శిస్తున్నారంటే అత్తను నేనే తీసుకెళ్లాను. పడవలో పోవాలి. చిత్రావతి ఏరు పారితేనే వింతగా చూసే మనిషి, ఒడ్డున నిలబడిపోయింది.

"నీళ్లన్నీ ఈడనే ఉండాయి కదరా!"

ఎట్లాగో పడవెక్కి కూర్చున్నాక పడవాయన లైఫ్ జాకెట్ ఇస్తే, ప్రదర్శనకని తెచ్చి ఒళ్లో పెట్టుకున్న చీర మూటకు తొడిగి బిగించింది. ఆయన చేతులూపుతూ అరిచాడు.

"మనిషి తడిస్తే ఆరతాది. పట్టు తడిస్తే మరక పడతాది. ఆయప్పకు చెప్పు," అంది నాతో.

ఇంకో జాకెట్ తెచ్చి ఆమెకు తొడిగేదాకా ఆయన పడవ కదిలించలేదు. నేను నవ్వాపుకోలేక ఫోటో తీశాను.

రేవులో ఏళ్ల తరబడి పాడుబడ్డ గోదాములను బాగుచేసి, సున్నం కొట్టి, చేతిపనుల వాళ్లకు ఇచ్చారు. "పడిపోయినదాన్ని నిలబెట్టినారు. గట్టోళ్లే," అని మెచ్చుకుంది. లోపల ఒకాయన చీర విప్పి చూసి, నేసింది మీరేనా అని నన్నడిగాడు. ఆయన చూపు ఎటుందో చూసి అత్తకు అర్థమైపోయింది.

"వాన్నేల అడుగుతావప్పా? నేసింది నేను."

తెలుగు రాకపోయినా ఆయనకూ అర్థమైంది. చీర పక్కన అట్ట మీద ఆమె పేరు రాశారు.

మొన్న అత్త పటం కట్టించడానికి ఆ పడవ ఫోటోనే దొరికింది. "మూట కత్తిరించేయండి, మొగం చాలు," అన్నాడు బంధువొకాయన.

మంచం మీదున్న మామ తల తిప్పాడు. "కత్తిరించొద్దండప్పా. ఆ చీర ఆమె నేసింది."

ఇప్పుడు మగ్గం పైన గోడకు ఆ పటం ఉంది. వెనక రేవు, ముందు నారింజ రంగు జాకెట్‌లో అత్త, ఆమె ఒళ్లో ఇంకో జాకెట్ తొడిగిన చీర.