స్టార్టర్‌లో వేపపుల్ల

మా పెళ్లయిన మూడో ఏడు, కళ్యాణదుర్గం దగ్గర మా చేలో వేరుశనగకు కాయలు పట్టే ఊడలు దిగుతున్నాయి, నీళ్లు తప్పకూడని సమయం. వోల్టేజీ తగ్గినప్పుడల్లా బోరు మోటారు కాలిపోకుండా స్టార్టర్ దానంతటదే ఆపేసేది. మా ఆయన విసిగిపోయి, పచ్చబటన్ నొక్కే ఉండేలా వేపపుల్ల ఇరికించాడు.

వద్దంటే, "నీకేం తెలుసు? ఊర్లో అందరూ పెట్టుకోనుండారు" అని కసిరాడు.

మధ్యాహ్నానికి నీళ్లు ఆగిపోయాయి. మోటారును బోరులోంచి లాగిన మెకానిక్, "వైండింగంతా బొగ్గయిపోయిండాది. కాపాడేదాని నోట్లో పుల్ల పెడితే ఎట్లన్నా?" అన్నాడు.

బాగుచేసిన మోటారు మళ్లీ దిగేసరికి పైరు ఎండిపోయింది. అప్పుడు కూడా మా ఆయన జేబులోంచి అదే పుల్ల తీశాడు!

నాకు ఒళ్లు మండింది. ఆ పుల్ల లాక్కుని వెళ్లి పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే టీ కాచి ఇచ్చాను. "ఇది దీనికే పనికొస్తాది, తాగు" అన్నాను.

ఇన్నేళ్లయినా స్టార్టర్ ఆగిందంటే, ఆయన ముందు నా మొహం చూస్తాడు.