పెరుగు లేని కూర

ఎడారి దేశంలో, జుఫైర్‌లోని ఒక యూదుల ఇంట్లో శోభారాణి ఐదేళ్లుగా వంట చేస్తోంది. మాంసానికి ఎర్రపిడి గరిటె, పాలకు నీలంపిడి గరిటె. ఏనాడూ ఒకదానికి బదులు ఇంకొకటి పట్టలేదు. "శోభను చూసి నేర్చుకోండి" అని ఇంటామె చుట్టాలకు చెబుతుంది. తమ మతనియమం ప్రకారం మాంసంలో పాలు కలపొద్దని మొదటిరోజే చెప్పారు. శోభారాణి కలపలేదు. కోడిముక్కలను మాత్రం, తన ఇంటి అలవాటు ప్రకారం, గంటసేపు పెరుగులో నానబెట్టేది.

ఈ శనివారం ఇంటి పిల్ల దాలియాకు పన్నెండేళ్ల వేడుక; ఆ రోజు నుంచి మతనియమాలు పాటించే బాధ్యత పిల్లదే. శోభారాణి వెంటే తిరిగి తెలుగు పట్టేసిన పిల్ల, బుధవారం వంటింట్లో కూర్చుని పాఠం అప్పజెప్పింది.

"శనివారం సంది నా తప్పులు నాయే, డాడీయి గావు. ఇగ మాంసంల పాలు కలపొద్దు. పాలంటే పెరుగు గూడ, ఆంటీ."

శోభారాణి చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ కొళాయి తిప్పింది.

గురువారం పెరుగు లేకుండా వండింది. దాలియా ఒక ముక్క కొరికి ఆగింది.

"గిది నీ కూర లెక్క లేదు. ఏం ఎయ్యలే?"

"అన్నీ ఏసిన బిడ్డా, తిను" అంటూ శోభారాణి పెరుగు గిన్నె ఉన్న ఫ్రిజ్ తలుపుకు అడ్డంగా నిలబడింది.