టిష్యూ అందించని మేడమ్

మా మేడమ్ పోయారు. మంగళవారం పొద్దున, ఇక్కడ ఐర్లండ్‌లో, అత్లోన్ ఊళ్లో వాళ్లింట్లోనే, గుండెపోటుతో. ఈ రోజుల్లో ఎవరు పోయినా కోవిడే అనుకుంటున్నారు, అది కాదు. ఆవిడ గుంటూరులో చదివి, ఇక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో చాలాకాలం పనిచేసిన సైకియాట్రిస్టు. నేను ఆవిడ దగ్గర జూనియర్ని.

చివరి ఏళ్లలో మేడమ్ పీటీఎస్‌డీ మీద ఒక పరిశోధనలో ఉన్నారు. ఘోరమైనదేదో చూసి, అది మనసులోంచి పోక నలిగిపోయేవాళ్లకు సైలోసైబిన్ అనే మందు ఇచ్చి, దాని ప్రభావం తగ్గేదాకా పక్కన కూర్చోవడం మా పని. అది కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే మందు. తోటి తెలుగు డాక్టర్లు ఆటపట్టిస్తే, "కూర వండటం లేదు లెండి" అనేవారు. అందరికీ నయమవుతుందని మాత్రం ఎన్నడూ అనలేదు.

నేను మొదట కూర్చున్నది ఒక అంబులెన్స్ డ్రైవరు దగ్గర. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఒక ప్రమాదం తర్వాత ఆయన స్టీరింగ్ ముట్టుకోలేకపోయాడు. కూతుర్ని మళ్లీ తనే కారులో తిప్పాలని ఆయన కోరిక. ఎలా ఉన్నారని అడిగితే "గ్రాండ్", అంటే బ్రహ్మాండంగా ఉన్నాను, అనేవాడు. "ఈ దేశంలో గ్రాండ్ అన్నారంటే నిద్రపోయి వారమైందని అర్థం" అనేవారు మేడమ్.

మందు తీసుకున్న కాసేపటికి ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరైనా ఏడిస్తే చుట్టూ చేరి ఊరుకో ఊరుకో అనడం మనకు అలవాటే కదా. టిష్యూ తీసి ఆయన చేతిలో పెట్టబోయాను. మేడమ్ నా మణికట్టు పట్టుకుని ఆపారు.

సాయంత్రం కారిడార్‌లో అన్నారు: "అమ్మాయ్, టిష్యూ చేతిలో పెట్టావంటే ఇక చాలు, ఆపమన్నట్టే. ఆ మనిషికి ఏడుపు రావడానికే ఇన్నాళ్లు పట్టింది. మనవాళ్లకి ఓదార్చడం వచ్చు గానీ, ఊరికే కూర్చోవడం రాదమ్మా."

రెండో విడత మందు ఇవ్వకముందే లాక్‌డౌన్ వచ్చింది, పరిశోధన ఆగింది. మేడమ్ ఆయనకు ఫోన్ చేస్తూనే ఉన్నారు. కారు సంగతి అడిగితే "నాట్ యెట్" అనేవాడు. తొందరపెట్టేవారు కాదు. ఫోన్ పెట్టేశాక నాతో మాత్రం, "ఆ ఒక్కటీ తెలిస్తే బావుణ్ణు" అనేవారు.

అంత్యక్రియలకు పదిమందినే రానిచ్చారు. మిగతావాళ్లం, ఇక్కడి పద్ధతిలో, ఎడంఎడంగా రోడ్డు పక్కన నిలబడ్డాం. అవతలివైపు ఒక ఎర్ర కారు ఆగింది. డ్రైవరు సీట్లోంచి ఆ అంబులెన్స్ ఆయన దిగాడు. ఇక్కడ లోకల్ రేడియోలో రోజూ మరణవార్తలు చదువుతారు, అది విని వచ్చినట్టున్నాడు. మేడమ్ శవపేటిక ఉన్న బండి మా మధ్యనుంచి, దహనానికి, డబ్లిన్ వైపు వెళ్లిపోయింది.

బయట పేషెంట్లు కనబడితే, వాళ్ల గుట్టు బయటపడకుండా, ముందుగా మేం పలకరించకూడదు. ఆయనే తలూపాడు, నేనూ ఊపాను. ఈ కబురు చెప్పడానికి ఇక మేడమ్ లేరని అప్పుడు తెలిసొచ్చి, ఏడుపు ఆగలేదు. వెనక సీట్లో చిన్నపిల్ల అద్దం మీద వేలితో ఏదో గీస్తోంది. ఆయన ఎక్కి, ఇండికేటర్ వేసి, రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి, నిదానంగా కారు పోనిచ్చాడు.