మామ మీసంతో ప్రొద్దుటూరు బజారులో

మగవేషం వేసిన ఆడది నాటకంలో అయితే పెళ్ళితో గట్టెక్కుతుంది. మా కడప జిల్లాలో వేస్తే ఏమవుతుందో నన్నడగండి. రెండు పార్టీల మధ్య ఎంతో కష్టపడి కుదిర్చిన రాజీని నేనొక్కదాన్ని, అరగ్లాసు టీతో, కూలదోయబోయాను. నాటుబాంబు కూడా అంత సులువుగా పని చెయ్యదు.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో డిగ్రీ రెండో ఏడాది. ఇప్పుడైతే వీధిలో జీపు ఆగితే చాలు, బిడ్డను ఒళ్ళోకి లాక్కుని తలుపు గడియ రెండుసార్లు చూసుకునే మనిషిని. ఈ భయమంతా ఆ రోజుల్లో ఎక్కడ దాచుకున్నానో నాకే తెలియదు.

కాలేజీ వార్షికోత్సవానికి హాస్యనాటకం వేస్తున్నాం. నాయిక ఒంటరిగా దూరప్రయాణం చెయ్యాలి. ఆడపిల్లగా పోతే ప్రమాదమని మగవేషం వేసుకుంటుంది. ఆ నాయికను నేనే. పాత హాస్యనాటకాల్లో ఇది పెద్ద ఉపాయమనీ, మగబట్టలు తొడిగితే ఆడది ఎక్కడికైనా నిర్భయంగా పోవచ్చనీ నాటకం నేర్పే మేడం వివరించారు. పాపం, ఆమె గోదావరి వైపు మనిషి. మా దగ్గర ఈ లెక్క తిరగబడి ఉంటుందని ఆమెకేం తెలుసు? కక్షలున్న ఊళ్ళలో ఆడవాళ్ళ జోలికి ఎవరూ రారు. సంతకు, ఆస్పత్రికి, కోర్టు వాయిదా కనుక్కోవడానికి వాళ్ళే తిరుగుతారు. మీసాలున్న వాళ్ళు ఇంట్లో కూర్చుని, ఆ ఆడవాళ్ళెప్పుడు తిరిగొస్తారా అని కిటికీలోంచి తొంగి చూస్తుంటారు. ప్రాణభయంతో వేషం మార్చాల్సి వస్తే మా వైపు మగవాడే చీర కట్టాలి. ఇదంతా పుట్టినప్పటినుంచీ చూస్తున్న నేను కూడా నోరు మూసుకుని మీసానికి కొలతలిచ్చాను.

మా మేనమామ ఓబులేసు పులివెందులలో ఒక పార్టీ మనిషి. ప్రొద్దుటూరులో చెన్నప్ప అవతలి పార్టీ మనిషి. ఎన్నికలయ్యేదాకా మామ ప్రొద్దుటూరులో అడుగు పెట్టకూడదు, చెన్నప్ప మనుషులు పులివెందుల వైపు పోకూడదు. అదీ రాజీ. దాని పుణ్యమా అని రెండు వైపులా జనం ఆ ఏడు వెనక్కి చూసుకోకుండా సేద్యాలు చేసుకుంటున్నారు.

అలాంటి మామ దగ్గరికే పోయి తెల్లచొక్కా, పంచె, ఎర్రంచు తువ్వాలు అడిగి తెచ్చుకున్నాను. ముఖం ఎలాగూ ఆయన పోలికే. నడక కూడా ఆయనదే తెచ్చుకున్నాను. నాకు దగ్గరగా తెలిసిన మగనడక అదొక్కటే: ఎడమకాలు కొంచెం ఈడుస్తూ మూడడుగులు, ఆగి వెనక్కి ఒక చూపు, మళ్ళీ మూడడుగులు. లోకంలో మగవాళ్ళంతా అలాగే నడుస్తారనుకునేదాన్ని.

రిహార్సల్లో నన్ను చూసి నా రూమ్మేటు షమీమ్ కాసేపు రెప్ప వెయ్యలేదు. "అచ్చం మొగోని మాదిరే ఉండావు మ్మే. బజారుకు పోయి టీ తాగి రా, చూస్తాం" అంది.

పోయాను. మిట్టమధ్యాహ్నం. టీ అంగడి బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. మూడడుగులు వేసి, వెనక్కి చూసి, మళ్ళీ ముందుకు తిరిగేసరికి బెంచీ ఖాళీ. కింద ఆరు చెప్పులు మాత్రం మిగిలాయి. నా మగతనానికి మర్యాదగా చోటిచ్చారనుకుని బెంచీ నడిమధ్యన కూర్చున్నాను. సగం టీ తాగేసరికి తడికి మీసం జారడం మొదలైంది. గ్లాసు వదిలేసి హాస్టలుకు వచ్చేశాను.

సాయంత్రం హాస్టలుకు మామ ఫోను చేశాడు.

"సుజాతా, నేను ప్రొద్దుటూరులో టీ తాగినానంట. నేనేమో ఈడ ఇంట్లో గడ్డం గీయించుకుంటాండా. నీకేమన్నా తెలుసునా?"

ఉన్నదంతా చెప్పాను.

"మాట తప్పినానని చెన్నప్ప కబురు పంపినాడు. రేపు జమ్మలమడుగులో పంచాయితీ. ఆడ తేలకపోతే రాజీ లేదు. ఎవురూ చేను కాడికి గూడా పోలేరు. ఆ గుడ్డలు, ఆ మీసం ఎత్తుకోని రా."

జమ్మలమడుగు ఇద్దరిదీ కాదు, అందుకే ఇద్దరూ వచ్చారు. రాజీ కాగితం రాసిన వకీలు ఇంటి వరండాలో ఒక పక్క మామ, ఎదురుగా చెన్నప్ప, అతని వెనక ఆ నలుగురూ కొత్త చెప్పులతో. జరిగింది నేను ఏడుస్తూ చెప్పాను. చెన్నప్ప నమ్మేలాగే ఉన్నాడు. నమ్మనిది ఆ నలుగురే. ఎలా నమ్ముతారు చెప్పండి? నమ్మితే డిగ్రీ చదివే ఆడపిల్లను చూసి పారిపోయినట్టు ఒప్పుకోవాలి.

"ఓబులేసే అన్నా. మా కండ్లతో చూసినాం" అన్నాడు ఒకడు.

"ఆడపిల్లను జూసి ఉరికే రకమా మేము?" అన్నాడు ఇంకొకడు.

వాళ్ళ పరువు నిలవాలంటే మామ మాట తప్పి ఉండాలి. బయట రెండు పక్షాల జీపులూ ఇంజన్లు ఆపకుండా కాచుకుని ఉన్నాయి. మామ మోకాలు ఊగుతోంది. ఆయన కోపం అక్కడే మొదలవుతుందని నాకు తెలుసు. నా అరగ్లాసు టీకి ఎవరి ప్రాణం పోతుందోనని అటూ ఇటూ చూస్తున్నాను.

చెన్నప్ప చెయ్యెత్తాడు. "వాదనలేంటికి? పాపా, లోపలికి పోయి ఆ యేషం ఏసుకోని రా."

వేసుకున్నాను. తొందరలో మీసం ఒక పక్కకు వాలింది. వెనక గుమ్మంలోంచి ఇల్లు చుట్టి వాకిట్లోకి వచ్చాను. మూడడుగులు, వెనక్కి ఒక చూపు. ముందుకు తిరిగేసరికి ఆ నలుగురూ వరండా గోడ దూకి రోడ్డు మీద ఉన్నారు. అసలు ఓబులేసు వాళ్ళకెదురుగా కుర్చీలో కూర్చునే ఉన్నాడు. కొత్త చెప్పులు కూడా అక్కడే మిగిలిపోయాయి.

చెన్నప్ప ఆ చెప్పుల వైపు చూశాడు, మామ వైపు చూశాడు. "నువ్వు రాబన్లేదప్పా ఓబులేసూ. నీ మీసమొక్కటి పంపినా మావోళ్ళు నిలబడేట్టు లేరు" అన్నాడు. ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. జీపుల ఇంజన్లు మాత్రం ఆగాయి.

వకీలు రాజీ కాగితానికి రెండు షరతులు చేర్చాడు. ఒకటి: ఓబులేసు మేనకోడలు ఎన్నికలలోపు గానీ, ఆ తర్వాత గానీ, మీసం ధరించరాదు. రెండు, ఆ నలుగురూ పట్టుబట్టి రాయించింది: సదరు పరుగు గురించి ఇరుపక్షాలవారూ ఎక్కడా నోరు విప్పరాదు. కింద నేను సంతకం పెట్టాను. మా జిల్లా రాజీ కాగితం మీద సంతకం చేసిన ఆడమనిషి నాకు తెలిసి నేనొక్కదాన్నే.

సూర్యచంద్రుల సాక్షిగా మళ్ళీ ప్రమాణం చేస్తున్నాను. మొదటి షరతు ఈనాటిదాకా తప్పలేదు, ప్రాణమున్నంతవరకూ తప్పను. రెండోది కూడా ఇన్నేళ్ళూ నిష్ఠగా పాటించాను, మీరు ఈ పేజీ చదవడం మొదలుపెట్టేదాకా.