మేకు దిగిన చెట్టు లోపలి చప్పుడు

ముందే ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా రెండు చెవుల మీద ఒట్టు. రేడియోలు బాగుచేసి బతికినవాడికి చెవులకంటే పెద్ద ఒట్టు లేదు.

కొత్తపేట దగ్గర మా ఊళ్ళో నాకు చిన్న రేడియో కొట్టు ఉండేది. బాగుచేసిన సెట్టు సరిగ్గా పలుకుతోందో లేదో చూడ్డానికి రైతుల కార్యక్రమం పెట్టుకుని వినేవాణ్ణి. వినగా వినగా పురుగుల సంగతులు చాలా తెలిశాయి. తెలిసినవి కడుపులో ఊరుకోవుగా, సాయంత్రం టీకొట్టు దగ్గర చెప్పేవాణ్ణి. బొద్దింక తల తెగినా కొన్ని రోజులు బతుకుతుందన్నాను. నవ్వేరు. సీతాకోకచిలుక కాళ్ళతో రుచి చూస్తుందన్నాను. అయితే ఈ పకోడీ మీద కాలు పెట్టి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పమన్నారు. రొయ్యకి గుండె తలకాయ దగ్గర ఉంటుందంటే, రొయ్యల చెరువులున్నవాళ్ళే కొట్టిపారేశారు. అదే, మురమళ్ళ వైపు ఒక చెరువులో పడవ ఇంజను చప్పుడు వినగానే రొయ్యలన్నీ వరసకట్టి నిలబడతాయని చెప్పినప్పుడు మాత్రం, ఏ చెరువండీ, ఎలా వెళ్ళాలండీ అని దారి అడిగేరు. నిజం చెబితే కోతలు, కోతలు కోస్తే దారి అడగడం. ఊళ్ళో నా పరిస్థితి అది.

తొంభైల చివర్లో మాకు కేబుల్ టీవీ వచ్చింది. స్తంభాలెవరు పాతుతారు, కొబ్బరిచెట్లున్నాయిగా. చెట్టు నుంచి చెట్టుకి తీగ లాక్కుంటూ వచ్చేరు. మా వంటింటి పక్కనున్న చెట్టుకి కేబుల్ అతను జానెడు మేకు దిగ్గొట్టి, తీగ దానికి చుట్టి వెళ్ళేడు. పీట ఎక్కి చెయ్యెత్తితే అందే ఎత్తు. కొన్నాళ్ళకి మేకు కిందనుంచి ఎర్రగా చార కారింది. తుప్పనుకున్నాను. ఇనప సామానుతో పనిచేసేవాడికి ఎర్రగా ఏది కారినా తుప్పే.

మా చెట్లకి రెండు నెలలకోసారి కాయలు దింపే పెద్దాయన ఒకరుండేవారు. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బాయిగారూ అనేవారు. వానలు మొదలవబోతున్న రోజుల్లో ఒక ఉదయం వచ్చేరు. కాళ్ళకి తాడు బంధం వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని ఆ చెట్టే ముందు ఎక్కేరు. బంధం తీగకి తగులుకుంది. విడిపించుకుని పైకి జరిగి, దిగేటప్పుడు మళ్ళీ అడ్డొస్తుంది, మీ సినిమా తీగ కాస్త తప్పించండి అన్నారు.

పీట ఎక్కి, చేతులు పైకి చాచి, చెంప మానుకి ఆనించి తీగ విప్పుతున్నాను. చెవిలో చప్పుడు. కర్, కర్, కర్. గోడవతల ఎవరో అప్పడం నములుతున్నట్టు. ఊపిరి బిగబట్టి విన్నాను. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఒక నోరు కాదు, చాలా నోళ్ళు.

అదేమిటో నాకు తెలుసు. రేడియోలో చెప్పేరు. ఎర్రముక్కు పురుగని ఒకటుంది. చెట్టుకి గాయమైతే ఆ రసం వాసన పట్టుకుని వచ్చి అందులో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులకి కాళ్ళు కూడా ఉండవు, ఉన్నదల్లా నోరే. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది, లోపల డొల్లయిపోతుంది. మానుకి చెవి ఆనిస్తే నమలడం వినపడుతుంది.

తలెత్తి చూశాను. బాబాయ్ పాదాలు నాకు రెండు నిలువుల పైనున్నాయి. ఆయన జరిగినప్పుడల్లా నా చెంప కింద చెట్టు సన్నగా కదులుతోంది.

"బాబాయ్, దిగిపోండి. చెట్టు లోపల పురుగులు నముల్తున్నాయి."

ఆయన ఆగలేదు. "ఆయ్. మొన్న తల లేని బొద్దింకండి. ఇయ్యాల చెట్టుని నమిలే పురుగులా అండి?"

చెట్టు విరుగుతుందన్నాను. మేకు కింద కారేది తుప్పు కాదన్నాను. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ, పెద్దాయన్ని పని చేసుకోనివ్వండి, కథలు సాయంత్రం చెప్పుకోవచ్చు అంది. ఒట్టు పెట్టాను. నా ఒట్లు ఆవిడకి కొత్త కాదు, నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

బాబాయ్ ఇంకో బార పైకి వెళ్ళేరు. నేను తీగ వదిలేసి రెండు చేతులతో మాను కౌగిలించుకున్నాను, నేను పట్టుకుంటే అది ఆగుతుందన్నట్టు. లోపల నోళ్ళు ఆగలేదు. నిజం మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెప్పేలోగా ఆయన మట్టల దాకా వెళ్ళిపోతారు. అప్పుడిక నాకు బాగా చేతనైన పనే చేశాను.

గొంతు తగ్గించి అన్నాను. "బాబాయ్, మీ ఎడంచేతి వైపు మట్ట వెనకాల కందిరీగల గూడుంది. పొద్దున్నే చూశాను. గట్టిగా కదలకండి."

పాదాలు ఆగిపోయాయి. అంతకు ముందేడు కందిరీగలు కుట్టి ఆయన మొహం గుమ్మడికాయలా వాచింది. నాలుగు రోజులు కళ్ళు తెరవలేకపోయేరు.

"ఎంతుందండి?" పైనుంచి గుసగుసగా వచ్చింది.

"బొండమంత."

ఆయన ఒక్కొక్క జానే దిగడం మొదలుపెట్టేరు. నేను గెలల వైపు చూడలేదు, ఆయన మడమల వైపే చూస్తూ నిలబడ్డాను. చెవి మాత్రం మాను మీదే ఉంది. కర్, కర్. మడమలు నా తలకి తగిలేదాకా వచ్చాక పీట దిగి పక్కకి జరిగాను.

కాలు నేల మీద ఆనగానే, గూడెక్కడండీ అని పైకి చూశారు. నేను పీట చూపించి, ఎక్కమని, ఆయన తల పట్టుకుని చెవి మానుకి ఆనించాను. చాలాసేపు విన్నారు. మొహంలో నవ్వు నెమ్మదిగా పోయింది. కాళ్ళ బంధం విప్పుకుని, మా ఆవిణ్ణి వంటింట్లోంచి బయటికి రమ్మని ఆయనే కేకేశారు.

ఆ రెండు రోజులూ వంట వీధరుగు మీదే. మూడోరోజు మధ్యాహ్నం వానగాలికి చెట్టు సరిగ్గా మేకు దగ్గర విరిగి పెరట్లోకి పడింది. విరిగినచోట బొటనవేలంత లావు తెల్లపురుగులు, పీచుతో పేనుకున్న గూళ్ళు, పొడుగు ముక్కుల ఎర్రవి. తాతలూ మనవలూ అందరూ ఒకే ఇంట్లో కాపరం.

బాబాయ్ వచ్చి, పురుగుల్ని చూసి, పీచులోంచి మేకు పీకి అరచేతిలో పెట్టుకున్నారు.

"ఇదెవరు కొట్టేరండి?"

"కేబుల్ అతను" అన్నాను.

ఆ తర్వాత బాబాయ్ కాయలు దింపే ఏ పెరట్లోకీ కేబుల్ అతన్ని రానివ్వలేదు. నా ప్రాణం తియ్యబోయినోడు అని అందరికీ చెప్పేరు. అతను వచ్చి, నేను ఏ చెట్టుకీ మేకు కొట్టలేదండీ, తాడుతో కడతానంతే అని బతిమాలేడు. ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్ళకి కువైట్ వెళ్ళిపోయేడు.

మొదట్లో ఒట్టు పెట్టాను కనక ఒకటి ఒప్పుకోవాలి. అతను చెప్పింది నిజం. అతను తాడుతోనే కట్టి వెళ్ళేడు. తాడు జారినప్పుడల్లా టీవీలో బొమ్మ వణికేది. పీట వేసుకుని, నా కొట్లో సుత్తితో ఆ మేకు దిగ్గొట్టింది నేను. బాబాయ్ అడిగినప్పుడు జవాబు తడుముకోకుండా వచ్చేసింది, ఆయనా తడుముకోకుండా నమ్మేరు. పైన రాసినదాంట్లో నేను కల్పించింది, కేబుల్ అతను మేకు దిగ్గొట్టేడన్న ఆ ఒక్క వాక్యమే.

అబ్బాయిగారి అబద్ధమే నన్ను బతికించిందని బాబాయ్ టీకొట్టు దగ్గర ఎన్నేళ్ళో చెప్పుకున్నారు. వచ్చినప్పుడల్లా వాళ్ళ చెట్టు బొండాలు రెండు తెచ్చి, తనే చెక్కి నా చేతికిచ్చేవారు. తాగేవాణ్ణి.