రాతి వలయం కింద రమణ

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన తర్వాతి చలికాలం. మేం పనికి వచ్చిన ఎడారి దేశంలో, బహ్లా అనే ఊరి దగ్గర కొండల కింద ఉన్న ఒక పాత రాతి వలయాన్ని కొలిచే పని మా కంపెనీకి వచ్చింది. నేను సర్వేయర్ని. నా పరికరం టోటల్ స్టేషన్. దూరాన్నీ కోణాన్నీ ఒకేసారి కొలుస్తుంది. అది గురిపెట్టే అద్దాన్ని ప్రిజం అంటాం. కర్రకు బిగించిన ఆ ప్రిజంతో చోటుచోటుకీ నడిచేవాడు రమణ. శ్రీకాకుళం వాడు, నా రూమ్మేట్ కూడా.

పని అప్పగించింది నోరా అనే ఐర్లండ్ పురావస్తు పరిశోధకురాలు. వాళ్ల దేశంలో ఇలాంటి వలయాలు వేలల్లో ఉన్నాయట. రింగ్‌ఫోర్ట్‌లు అంటారు. వెయ్యేళ్లు దాటిన మట్టికట్ట, బయట కందకం, లోపల ఒక రైతు ఇల్లు.

“కొన్నిటి కింద సొరంగాలుంటాయి, దాడి జరిగితే దాక్కోవడానికి. మా ఊళ్లో ఆవులు వాటిలో పడిపోతుంటాయి” అంది నవ్వుతూ.

ఆ మధ్యాహ్నం వలయం నడుమ ఉన్న ప్రిజం నా టెలిస్కోపులోంచి మాయమైంది. తలెత్తి చూస్తే రమణ లేడు. అతను నిలబడ్డ చోట నేల కుంగి గొయ్యి పడింది, దుమ్ము లేస్తోంది.

పరుగెత్తబోయాను. నోరా నా చొక్కా పట్టి లాగింది. “పడుకో! అంచు ఇంకా విరుగుతుంది.”

బోర్లా పాకుతూ వెళ్లాం. లోపలి నుంచి సన్నగా గొంతు వచ్చింది.

“అన్నయ్యా, బతికే ఉన్నాను. కాలు కదల్డం లేదు. పైనుంచి మట్టి పడతంది.”

తాడు వేయబోతుంటే నా మోచేతి కింది అంచు జారి అతని మీదే పడింది. రమణ అరిచాడు. తాడు వెనక్కి లాక్కున్నాను. సహాయక సిబ్బందికి ఫోన్ చేశాం గానీ వాళ్లు వచ్చేదాకా ఆ అంచు ఆగేలా లేదు.

నోరా అప్పటికే వలయం బయట నేలను చూస్తోంది. కొండవైపు నుంచి వరసగా మట్టిదిబ్బలు, ఒక్కోదాని నడుమ ఒక్కో గుంట. ఆ వరస తిన్నగా వలయంలోకి వచ్చి, అవతల మళ్లీ మొదలవుతోంది. మాకిచ్చిన పని వలయం గోడవరకే కాబట్టి అవి మా మ్యాపులో లేవు.

“ఇది ఫలజ్” అంది. కొండ నీటిని ఊరికి తెచ్చే భూగర్భ కాలువ. ఆ గుంటలు దాన్ని తవ్వడానికి దింపిన బావులు. ఎప్పుడో ఎండిపోయింది. “చూడు, అవతలి గుంటలోంచి దుమ్ము పైకొస్తోంది. అంటే దారి తెరిచే ఉంది. ఆ గుంట రాళ్లతో కట్టింది, కూలదు. అటు పాకమను.”

గొయ్యిలోకి అరిచి రమణకు చెప్పాను.

“నా వల్ల కాదన్నయ్యా. అటంతా సీకటి. ఇక్కడ ఆకాశమైనా అగుపడతంది.”

పంపాక సొరంగం కూలితే? నోరాను అడిగాను. ఆమె అప్పటికే తాడు తీసుకుని అవతలి గుంట వైపు కదిలింది.

ఆ గుంటలోకి తాడు జారవిడిచి, బోర్లా పడుకుని తల లోపలికి పెట్టాను. “రమణా, నా గొంతు వైపు రా. ఆగకు.”

రాళ్లు రాసుకుంటున్న చప్పుడు. తర్వాత ఏదో ధబ్బుమని కూలింది. ఆపైన ఏమీ లేదు. పిలుస్తూనే ఉన్నాను. అతని పేరు, వాళ్లమ్మ పేరు, కూతురి పేరు. నోరు ఎండిపోయి మాట రానప్పుడు ఊరికే అరిచాను.

చాలాసేపటికి, గుంట అడుగున ఒక చేయి కదిలింది. తాడు అందుకుంది.

ఆసుపత్రికి చేర్చేదాకా రమణ నా చేయి వదల్లేదు. కాలి ఎముక చిట్లింది. మర్నాడు వెళ్లి చూస్తే వలయం నడుమ అతను పడ్డ చోటంతా కుంగి పూడిపోయి ఉంది.

పాత కట్టడాన్ని గోడ దగ్గర మొదలుపెట్టి కొలవకూడదని, ముందు చుట్టుపక్కల నేలంతా నడిచి చూడాలని ఆనాడు నేర్చుకున్నాను. భయాన్ని అణుచుకోవడం మాత్రం నేర్చుకోలేదు, ఆ ప్రయత్నమూ చేయలేదు. రమణ కూడా అంతే. కాలు నయమై తిరిగి డ్యూటీకి వచ్చాక, పాత గోడల మధ్యకు వెళ్లేముందు ప్రతిసారీ ఒకే మాట అంటాడు.

“నువ్వు మాటాడుతూ ఉండన్నయ్యా.”

ఉంటాను.