భీమిలిలో ఒక చుక్క, హైదరాబాదులో ఒక చుక్క

భూమికి దగ్గరగా ఒక గ్రహశకలం వచ్చి పోతుందని పేపర్లో పడిన రోజే హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి టిక్కెట్టు కొనేశాను. ఎనభైల నాటి మాట. కొండంత రాయి చంద్రుడికి కాస్త అవతలగా దూసుకుపోతుందట, చిన్న దుర్భిణికి కూడా చుక్కలా చిక్కుతుందట. దాని దూరం నేనే కొలవాలని పట్టుబట్టాను. హైస్కూల్లో లెక్కల మాస్టర్ని కదా, ఆ మాత్రం పొగరుంటుంది.

పద్ధతి సులువే. ఇద్దరు రెండు చోట్ల నుంచి ఒకే క్షణంలో చూస్తే ఎక్కడో ఉన్న నక్షత్రాలు కదలవు, దగ్గరి రాయి మాత్రం కాస్త జరిగి కనిపిస్తుంది. ఒకే నక్షత్ర పటం నకళ్ల మీద ఇద్దరూ రాయి ఉన్నచోట చుక్క పెడితే, ఆ తేడాతో దూరం కట్టొచ్చు. ఖగోళ శాస్త్రజ్ఞులు ఇదే పనిని ఫోటో ప్లేట్ల మీద చేస్తారు. భీమిలిలో నేను, విశాఖలో తన డాబా మీద మా అక్కయ్య భర్త అప్పలరాజు బావ. పోర్టులో పని కాబట్టి బావ అక్కడే ఎవరినో అడిగి దుర్భిణి తెచ్చుకున్నాడు. మా ఆవిడ సుశీల తనూ ఒక చుక్క పెడతానంది. మిగిలిన పటం నకలొకటి ఇచ్చి, ఇంట్లో ఉన్న చిన్న దుర్భిణితో సరదాగా చూసుకోమన్నాను. ఆమె పులిహోర పొట్లం కట్టిచ్చింది.

సాయంత్రం అయిదున్నరకు రైలెక్కి, మర్నాడు ఏడింటికి విశాఖ స్టేషనైన వాల్తేరులో దిగాను. బావ ఇంట్లో భోంచేసి రెండింటికి భీమిలి బస్సెక్కాను. పోర్టు దీపాలు లేని చీకటి కావాలంటే అటే వెళ్లాలి. పక్క సీట్లో నూకన్న అనే పెద్దాయన, వల దారం కొనుక్కుని ఊరికి తిరిగి వెళుతున్నాడు. ఒళ్లో ఆ గొట్టమేమిటని అడిగితే, నా ఏర్పాటంతా ఉత్సాహంగా చెప్పాను. ఆయన రెండు చేతులూ చెరో వైపు చాపి చూపించాడు.

"మాకూ అదే లెక్క బాబూ. సంద్రంలో సేపలుండే సోటు గురుతెట్టుకోడానికి ఇటో కొండ, అటో కొండ సూసుకుంతాం. రెండు కొండలూ పక్కపక్కనే ఉంటే సోటు దొరకదు. ఎడం ఉండాల," అన్నాడు.

నా పొరపాటు అప్పుడు తట్టింది. అంత దూరపు రాయికి భీమిలి, విశాఖ పక్కపక్క ఇళ్లే. బావ చుక్కా నా చుక్కా ఒకే చోట పడతాయి. పిల్లలకు రోజూ చెప్పే పాఠంలోనే బోల్తా కొట్టాను.

మూడుంబావుకి దిగి పోస్టాఫీసుకు పరిగెత్తాను. హైదరాబాదులో మా పక్కింటి ఫోనుకు ట్రంకాల్ అడిగితే నాలుగున్నరకు కలిసింది. సుశీల వచ్చింది. తప్పు నాదేనని చెప్పి, నువ్వు చూడకపోతే ఈ ప్రయాణమే దండగన్నాను. కాల్ తెగిపోతుందేమోనని భయం.

"ఎప్పుడు గుర్తు పెట్టాలి?" అంది.

"రేడియోలో తొమ్మిది గంటల వార్తల ముందు టైము చెప్పే టిక్కుల్లో, ఆఖరి టిక్కుకి."

భీమిలి నుంచి ఆఖరి బస్సు పెందరాళే వెళ్లిపోతుంది. రాత్రి ఆగేవాళ్లు పడక చూసుకోవాలి. నాకు నూకన్న అరుగు దొరికింది. ఎనిమిదిన్నరకు ఆయన ట్రాన్సిస్టర్ పట్టుకుని ఇసుకలోకి వచ్చి, లాంతరు వత్తి తగ్గించాడు. దుర్భిణిలో నక్షత్రాల మధ్య ఒక చుక్క మెల్లగా జరుగుతోంది. అదే! ఆఖరి టిక్కుకి కాగితం మీద పెన్సిల్ ఆన్చాను. ఆనందం పట్టలేక నూకన్నను కావలించుకున్నాను.

ఉదయం నేను విశాఖ తిరిగొచ్చాక బావ తన కాగితం నా కాగితం మీద పెట్టి చూశాడు. "రెండూ ఒకే సోట ఉన్నాయి బావా. ఏటి, నాను తప్పేసానా?" అన్నాడు. తప్పు నాదని నూకన్న మాట చెప్పాను.

ఆ రాత్రంతా రైల్లో నిద్ర లేదు. హైదరాబాదులో మబ్బు పట్టి ఉంటేనో? తెల్లారి సికింద్రాబాదులో దిగేసరికి సుశీల ప్లాట్‌ఫారం మీదే ఉంది, చేతిలో కాగితంతో. రెండు కాగితాలూ కలిపి బోగీ కిటికీ అద్దానికి ఆనించాం. నక్షత్రాలన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. రాయి చుక్కలు మాత్రం కలవలేదు. మధ్యలో వేలెడు ఎడం! రెండు జవాబులు కలవనందుకు అంత సంతోషించింది జీవితంలో ఆ ఒక్కసారే.

"దూరం నేను కడతాను," అని సుశీల రెండు కాగితాలూ తన సంచిలో పెట్టుకుంది. నేను దుర్భిణి భుజాన వేసుకుని ఆమె వెనకాలే నడిచాను.